నాలుక కింది మాత్ర చేయని పని

మా చింతామణి పక్క యాభై దాటిన మగవాళ్ళ చొక్కా జేబుల్లో, వక్కాకు పొట్లం పక్కన, తరచుగా ఒక చిన్న మాత్రల పట్టీ ఉంటుంది. దాని పేరు సార్బిట్రేట్. పేరు పెట్టి ఎవరూ అడగరు. ‘‘గుండె మాత్ర ఇయ్యన్నా, నాలిక్కింద పెట్టుకునేది’’ అంటారు. నా మందుల అంగడికి కొందరు డాక్టరు రాసిన చీటీ తెస్తారు. కొందరు వియ్యంకుడి చీటీ తెస్తారు. అసలు చీటీయే లేకుండా వచ్చి, ‘‘ఇంట్లో ఒకటి పడుంటే మంచిదే కదా’’ అనేవాళ్ళూ ఉన్నారు. చీటీ లేనివాళ్ళకు ఇవ్వను. దానికి నాకు పిసినారి అనీ పొగరుబోతు అనీ పేరొచ్చింది. రానీ.

నేను పుట్టింది బాగేపల్లి తాలూకా పల్లెలో. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, ఫార్మసీ చదివింది బెంగుళూరులో, ఇంగ్లీషులో. 2007లో మా తాలూకాలను కోలారు నుంచి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. ఇక్కడ అంగళ్ళ బోర్డులు కన్నడంలో ఉన్నా బేరం సగం తెలుగులోనే సాగుతుంది. మందు మింగే పద్ధతి కూడా తెలుగులోనే చెప్పాలి, లేకపోతే పొద్దున మాత్ర రాత్రి మింగేస్తారు. అందుకే ఈ మాత్ర గురించి తెలుగులో రాయాలనిపించింది. ముఖ్యంగా అది చేయలేని పని గురించి.

ముందు అది చేసే పని. సార్బిట్రేటూ, దాని పెద్దన్న నైట్రోగ్లిసరినూ ఒంట్లోకి వెళ్ళాక నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తాయి. ఒక నత్రజని పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు, అంతే. అది రక్తనాళం గోడలోని కండరాన్ని సడలిస్తుంది. నాళం వెడల్పవుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది, నడిస్తే వచ్చే ఎదనొప్పి రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది.

ఇంత మంచి మందు పుట్టిన చోటు మాత్రం పేలుడు పదార్థాల లోకం. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో అస్కానియో సోబ్రెరో 1847లో నైట్రోగ్లిసరిన్ తయారుచేసి, కాస్త నాలుకకు తగిలించి చూశాడు. తలనొప్పి గంటల తరబడి వదల్లేదు. ఆ తర్వాత ఆల్ఫ్రెడ్ నోబెల్ దాన్ని డైనమైట్‌గా మార్చి కోటీశ్వరుడయ్యాడు. ఆ కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళకు ఆదివారం సెలవు తర్వాత సోమవారం తలనొప్పి వచ్చేది, వారం గడిచేకొద్దీ తగ్గేది. ఒళ్ళు ఆ మందుకు అలవాటు పడిపోయేదన్నమాట. 1879లో లండన్ డాక్టరు విలియం మరెల్ అదే పదార్థాన్ని ఎదనొప్పికి వాడి లాన్సెట్ పత్రికలో రాశాడు. చివరికి నోబెల్‌కే గుండె జబ్బు వస్తే డాక్టర్లు నైట్రోగ్లిసరిన్ రాసిచ్చారు. జనం బెదిరిపోకుండా దానికి మందుల అంగట్లో ట్రైనిట్రిన్ అని పేరు మార్చారని ఆయన 1896 అక్టోబరులో స్నేహితుడికి ఉత్తరం రాసి నవ్వుకున్నాడు. ఆ డిసెంబరు 10న పోయాడు. ఆ తలనొప్పి ఇప్పటికీ పోలేదు. ‘‘ఈ మాత్ర వేసుకుంటే తల పగిలిపోతాదన్నా, వేరేది ఇయ్యి’’ అని వారానికొకరైనా వస్తారు. నాళాలు తెరుచుకున్నందుకే ఆ నొప్పి అని చెప్పి పంపిస్తాను.

నైట్రిక్ ఆక్సైడ్ వాయువును మన ఒళ్ళే సొంతంగా తయారుచేసుకుంటుందని తెలియడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1977లో ఫెరిద్ మురాద్ నైట్రోగ్లిసరిన్ పనిచేసేది నైట్రిక్ ఆక్సైడ్ ద్వారానే అని చూపించాడు. 1980లో న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కల మీద ప్రయోగాలు చేస్తూ, లోపలి పలుచటి పొర చెరిగిపోతే నాళం సడలడం లేదని గమనించాడు. ఆ పొర ఏదో విడుదల చేస్తోంది. అది నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి లూయిస్ ఇగ్నారో, సాల్వడోర్ మొంకాడా బృందాలు విడివిడిగా తేల్చాయి. మురాద్, ఫర్చ్‌గాట్, ఇగ్నారోలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదీ నోబెల్ పేరున! మొంకాడాకు రాకపోవడం అన్యాయమని అప్పుడూ అన్నారు, నేనూ అంటాను.

ఈ దారిలోనే ఉన్న ఇంకొక మాత్ర గురించి చెప్పకుండా ముందుకు పోలేను. సిల్డెనాఫిల్, అదే నీలం రంగుది, అడిగేటప్పుడు అందరూ గొంతు తగ్గించేది. నైట్రిక్ ఆక్సైడ్ నాళంలో పుట్టించే సంకేతాన్ని అది చెరగనివ్వదు. కాబట్టి గుండె మాత్రతో అది కలిస్తే బి.పి. పాతాళానికి పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, దాని తమ్ముడు టాడలాఫిల్ అయితే 48 గంటల్లోపు, నాలుక కింద మాత్ర పెట్టకూడదు. ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరుతో ఈ సంగతి భార్యాపిల్లల ముందు చెప్పడానికి సిగ్గయితే, వాళ్ళను బయటికి పంపించి అయినా చెప్పాలి.

ఇక అసలు విషయం. టమోటా సీజనులో ఒక పొద్దున మార్కెట్టు నుంచి ఒకాయన కొడుకు భుజం మీద చెయ్యేసుకుని వచ్చాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది. అప్పటికింకా ఎండ ఎక్కలేదు.

‘‘గ్యాస్టిక్కు అన్నా. ఒక ఈనో ఇయ్యి. ఆ నాలిక్కింద మాత్ర కూడా ఒకటి. లోడు నిలబడుండాది.’’

‘‘ఎంతసేపట్నించి?’’

‘‘తెల్లారుజామునే పట్టింది. దవడ దాకా లాగతా ఉండాది.’’

ఈనో ఇవ్వలేదు, గుండె మాత్రా ఇవ్వలేదు. ఆస్పిరిన్‌కు ఒళ్ళు దద్దుర్లు రావడం, కడుపులో పుండు, రక్తం పడటం లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగి, లేవంటే ఒక ఆస్పిరిన్ నమలమన్నాను. ఆటోలో ఎక్కించి తాలూకా ఆసుపత్రికి పంపాను. కొడుక్కి నా మీద కోపం వచ్చింది. ‘‘అదేందన్నా, గుండెదే అయితే గుండె మాత్ర ఇయ్యాల కదా!’’ అన్నాడు. బి.పి. ఎంతుందో తెలియదు. కొన్ని రకాల గుండెపోటుల్లో, ముఖ్యంగా గుండె కుడి భాగం దెబ్బతిన్నప్పుడు, ఈ మాత్ర బి.పి.ని దించేసి మనిషిని అక్కడే కూలదోస్తుంది. అవన్నీ ఆటో దగ్గర నిలబడి చెప్పే మాటలు కావు.

ఆయన బతికాడు. చాన్నాళ్ళకు మందుల చీటీతో వచ్చి కూర్చుని తన అనుభవం చెప్పాడు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వేశారట. ‘‘నొప్పి పోయింది. హమ్మయ్య అనుకుంటానే గుండె ఎట్లెట్లో కొట్టుకొనింది. ఆ మిషన్లో గీతలన్నీ పిచ్చిపిచ్చిగా వచ్చినాయంట. నర్సమ్మ పరిగెత్తుకొని వచ్చింది. రక్తం మళ్ళా పారతా ఉందని గుర్తు, బయపడొద్దు అనింది డాక్టరమ్మ. రక్తం పారితే మంచిదే కదన్నా, మరి గుండెకు ఆ తిక్క ఎందుకు?’’

డాక్టర్లు కూడా ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న అది. జవాబు కోసం గుండె కండరం లోపలికి పోవాలి. అక్కడ మొదట ఎదురయ్యేది మన తెలుగువాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో బయటపెట్టాడు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. కండరం చేసే ప్రతి పనికీ ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీయే. రోజుకు లక్షసార్లు కొట్టుకునే గుండె దగ్గర ఉండే నిల్వ మాత్రం కొన్ని సెకన్లకే సరిపోతుంది. ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకుంటూ ఉండాల్సిందే. చేసేది కణం లోపలుండే మైటోకాండ్రియా, చేయడానికి కావలసింది ఆక్సిజన్.

గుండెకు రక్తం ఇచ్చే నాళంలో గడ్డ అడ్డం పడితే ఆ భాగానికి ఆక్సిజన్ ఆగిపోతుంది. డాక్టర్ల భాషలో ఇది ఇస్కీమియా. ఫాస్ఫోక్రియాటిన్ ముందు ఖాళీ అవుతుంది, తర్వాత ఏటీపీ దిగిపోతూ వస్తుంది. ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఏటీపీని తయారుచేయాల్సిన యంత్రమే ఆక్సిజన్ లేనప్పుడు వెనక్కి తిరగడం మొదలెట్టి, ఉన్న కాస్త ఏటీపీని తినేస్తుంది. కణంలో ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని బయటికి నెట్టే క్రమంలో సోడియం లోపలికి వస్తుంది, దాని వెనకే కాల్షియం. కాల్షియం ఎక్కువైతే కండరం బిగుసుకుపోతుంది. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో రక్తం పూర్తిగా ఆగిన సుమారు 20 నిమిషాలకు కణాలు తిరిగి కోలుకోలేని స్థితికి చేరడం మొదలైంది. గుండె గోడ లోపలి వైపు మొదట పోతుంది, చావు అక్కడి నుంచి బయటి వైపుకు కొన్ని గంటల్లో పాకుతుంది.

అయితే రక్తం తిరిగి వస్తే అన్నీ సర్దుకోవాలి కదా. సర్దుకోవు. మా పక్క బోర్ల మీద బతికేవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. త్రీఫేజ్ కరెంటు పోయి గంటల తర్వాత వచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కరెంటు లేనప్పుడు పాడుకానిది కరెంటు వచ్చిన క్షణంలో పాడవుతుంది. ఆగిన మైటోకాండ్రియాలు ఆక్సిజన్ తగలగానే అలాగే ఒక్కసారిగా ఎత్తుకుంటాయి. సగం మండిన ఆక్సిజన్ రూపాలు, కనిపించిన ప్రోటీన్‌నల్లా కాల్చేవి, కుప్పలుగా పుట్టుకొస్తాయి. కాల్షియం మైటోకాండ్రియాలోకి తోసుకుపోతుంది, దాని గోడకు ఒక పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది, కణం అక్కడికి సరి. జంతువుల మీద లెక్కలు చూస్తే చివరికి చచ్చిన గుండె కండరంలో సగం దాకా ఈ రెండో దెబ్బ వల్లే పోతుందని అంటారు. మార్కెట్టు ఆయన గుండెకు పట్టిన తిక్క ఈ కల్లోలంలోని ఒక ముక్క.

ఈ దెబ్బను తగ్గించే దారి ఉందని 1986లో తేలింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చార్ల్స్ మరీ, రాబర్ట్ జెన్నింగ్స్, కీత్ రైమర్ కుక్కల గుండె నాళాన్ని ముందుగా 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు వదిలి, అలా నాలుగుసార్లు చేశారు. ఆ తర్వాత 40 నిమిషాలు గట్టిగా మూశారు. ముందు దెబ్బలు తిన్న గుండె ఎక్కువ పాడవాలి కదా. తీరా చూస్తే చచ్చిన కండరం మామూలు కుక్కల్లో చచ్చినదానికి పావు వంతే ఉంది. చిన్న దెబ్బలు గుండెకు ఏదో నేర్పాయి. ఏం నేర్పాయి? దీని మీద లోకమంతా విరగబడి పరిశోధించింది. దొరికిన జవాబుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నైట్రిక్ ఆక్సైడ్‌ది.

ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులు. ఆ అమైనో ఆమ్లాల్లో సిస్టీన్ అనేదానికి చివర గంధకం ఉంటుంది. ఆ గంధకం చురుకైనది, దేన్నయినా ఇట్టే అంటిపెట్టుకుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ నుంచి వచ్చిన ముక్క దానికి అతుక్కుంటే దాన్ని ఎస్-నైట్రోసైలేషన్ అంటారు. 1992లో జోనథన్ స్టామ్లర్ బృందం ఇలా ప్రోటీన్ల మీద అతుకు పడుతుందని చూపించింది. చాలా ఏళ్ళు దాన్ని లెక్కగట్టడం కష్టంగానే ఉండింది. ఎందుకంటే ఆ అతుకు నిలవదు. వెలుతురు తగిలినా పోతుంది, పరీక్ష చేసేలోపే ఊడిపోవచ్చు. 2001లో శామీ జాఫ్రీ, సాలమన్ స్నైడర్ ఆ అతుకు ఉన్న చోటనే గట్టిగా నిలిచే వేరే గుర్తును తగిలించే ఉపాయం కనిపెట్టాక, ఏ ప్రోటీన్ మీద ఎక్కడ పడిందో లెక్క తీయడం వీలైంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఎలిజబెత్ మర్ఫీ, జున్‌హుయ్ సన్, జాన్స్ హాప్కిన్స్‌లో చార్ల్స్ స్టీన్‌బర్గెన్, వాళ్ళతో పనిచేసిన మార్క్ కోర్ మొదలైనవాళ్ళు ఆ లెక్క గుండెలో తీశారు. ఎలుకల గుండెలను ముందుగా చిన్న చిన్న ఇస్కీమియాలకు గురిచేస్తే ఈ అతుకులు పెరుగుతున్నాయి. పెరిగిన చోట్లు చూడండి. కాల్షియాన్ని కణంలోకి రానిచ్చే ద్వారం మీద అతుకు పడితే ద్వారం మందగిస్తుంది, లోపలికి వచ్చే కాల్షియం తగ్గుతుంది. వెనక్కి తిరిగి ఏటీపీని తినేసే ఆ యంత్రం మీద పడితే అది నెమ్మదిస్తుంది, సుబ్బారావుగారి ఏటీపీ కొంత మిగులుతుంది. మైటోకాండ్రియా గోడలో రంధ్రం తెరిపించే సైక్లోఫిలిన్-డి మీద, దాని 203వ స్థానంలోని సిస్టీన్ మీద పడితే, రంధ్రం అంత సులువుగా తెరుచుకోదు. దెబ్బ ఎక్కడెక్కడ తగలబోతోందో అక్కడక్కడే ఈ అతుకు పడుతోంది.

ఇంకొక మేలు కూడా ఉంది. రక్తం తిరిగొచ్చినప్పుడు పుట్టే ఆ కాల్చే ఆక్సిజన్‌కు సిస్టీన్ గంధకమే మొదటి ఆహారం. ఒకసారి బాగా కాలితే ఆ గంధకం మళ్ళీ మామూలు కాదు, ప్రోటీన్ పనికిరాకుండా పోతుంది. అప్పటికే ఆ చోట నైట్రిక్ ఆక్సైడ్ కూర్చుని ఉంటే కాల్చడానికి చోటు ఖాళీ ఉండదు. గండం గడిచాక కణంలోని గ్లూటాథయోన్, థయోరెడాక్సిన్ లాంటివి వచ్చి దాన్ని తీసేస్తాయి, ప్రోటీన్ చెక్కుచెదరకుండా బయటపడుతుంది. అతుకు నిలవకపోవడమే ఇక్కడ దాని గొప్ప. శాశ్వతంగా అతుక్కుంటే అదీ విషమే అయ్యేది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం 2013లో కేంబ్రిడ్జి నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ షూషానీ, మైకేల్ మర్ఫీ బృందం నైట్రిక్ ఆక్సైడ్‌ను నేరుగా మైటోకాండ్రియాలోకి మోసుకుపోయే మైటోస్నో అనే పదార్థాన్ని వాడింది. మైటోకాండ్రియాలో ఆక్సిజన్ పనిని మొదలుపెట్టించే మొదటి పెద్ద యంత్రం పేరు కాంప్లెక్స్-1. రక్తం లేనప్పుడు దాని ఆకారం కొంచెం మారి, మామూలుగా లోపల దాగి ఉండే, 39వ స్థానంలోని సిస్టీన్ బయటపడుతుంది. మైటోస్నో సరిగ్గా దాని మీద అతుకు వేస్తుంది. రక్తం తిరిగి వచ్చాక కూడా కాంప్లెక్స్-1 కొన్ని నిమిషాలు ఆగే ఉంటుంది, అతుకు ఊడేకొద్దీ మెల్లగా ఎత్తుకుంటుంది. ఎలుకల్లో చచ్చిన గుండె కండరం బాగా తగ్గింది. రక్తం తిరిగి వచ్చే ఆ క్షణానికి మందు అక్కడ ఉండాలి, అదే షరతు.

ఎలిజబెత్ మర్ఫీ బృందం 2006లో ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆడ ఎలుకల గుండెల్లో కాల్షియం ద్వారం మీద ఈ అతుకులు మగవాటికన్నా ఎక్కువ, దెబ్బ తక్కువ. ముట్లు ఆగకముందు ఆడవాళ్ళకు గుండెపోటు తక్కువగా ఎందుకొస్తుందో చెప్పే కారణాల్లో ఇదొకటి కావచ్చు. అంతమాత్రాన మా ఇంట్లో అమ్మకు, అక్కకు ఎదనొప్పి వస్తే ‘‘ఆడోళ్ళకేం, గ్యాసే’’ అనడానికి ఇది సాకు కాదు. అలా అన్నవాళ్ళను చూశాను.

మరి ఇదంతా మందుగా ఎప్పుడొస్తుంది? మనుషుల మీద ప్రయత్నాలు జరిగాయి. నైట్రిక్ ఆక్సైడ్‌గా మారే సోడియం నైట్రైట్‌ను గుండెపోటు వచ్చినవాళ్ళకు నాళం తెరిచే ముందు ఎక్కించి చూశారు. బ్రిటన్‌లో 229 మంది మీద చేసిన ఆ పరీక్ష 2014లో వెలువడింది, చచ్చిన కండరం తగ్గలేదు. వాయువునే పీల్పించి చూశారు, మొత్తం మీద లాభం కనబడలేదు. చేతికి బి.పి. పట్టీ కట్టి 5 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదిలి, డ్యూక్ కుక్కల కిటుకును దూరం నుంచి మనిషి గుండెకు నేర్పాలని చూశారు. అయిదు వేల మందికి పైగా రోగుల మీద జరిగిన ఆ పరీక్ష ఫలితం 2019లో లాన్సెట్‌లో వచ్చింది, చావుల్లో తేడా లేదు. మా నాలుక కింది మాత్ర జాతి మందుల సంగతీ అంతే. 1995లో వచ్చిన ఐసిస్-4 పరీక్షలో 58 వేల మంది గుండెపోటు రోగుల్లో సగం మందికి నెల రోజులు నైట్రేట్ మాత్ర ఇచ్చి చూస్తే, దాని వల్ల అదనంగా బతికినవాళ్ళు చెప్పుకోదగ్గంతగా లేరు.

ప్రయోగశాలలోని ఎలుక కుర్రది, షుగరు లేదు, బీడీ తాగదు, నాళం ఎన్ని నిమిషాలు మూశామో తెలుసు, ఎప్పుడు తెరుస్తామో తెలుసు. మార్కెట్టు ఆయనకు అరవై దగ్గర, పదేళ్ళ షుగరు, నొప్పి ఎప్పుడు మొదలైందో ఆయన చెప్పేదే లెక్క. నైట్రిక్ ఆక్సైడ్ అతుకు నిమిషాల్లో ఊడిపోయేది, సరైన ప్రోటీన్ మీద సరైన క్షణంలో పడాలి. నరంలోకి ఎక్కిస్తే ఒళ్ళంతా తిరిగి ఎంత చేరుతుందో ఎవరు చూశారు? మైటోస్నో లాంటివి మైటోకాండ్రియాకే గురిపెట్టి చేసినవి కాబట్టి నాకు వాటి మీద ఆశ ఉంది. కానీ ఆశను పట్టీలో కట్టి అమ్మలేను.

అమ్మగలిగింది ఆస్పిరిన్. 1988లో వచ్చిన ఐసిస్-2 పరీక్షలో 17 వేల మందికి పైగా రోగుల్లో గుండెపోటు అనుమానం రాగానే మొదలుపెట్టిన ఆస్పిరిన్ గుండె, రక్తనాళాల చావులను సుమారు 23 శాతం తగ్గించింది. మాత్రల్లో ఇంత చవకైనది లేదు. అది కాక, కావలసింది నాళం తెరవడం, తొందరగా. మా పక్క అదే కష్టం. చింతామణి నుంచి బెంగుళూరు 75 కిలోమీటర్ల దాకా, బాగేపల్లి నుంచి 100 దాకా. హెబ్బాళ ఫ్లైఓవరు దగ్గర ఆంబులెన్సు ఇరుక్కుంటే కిలోమీటర్ల లెక్క పనికిరాదు. బాగేపల్లి వాళ్ళలో చాలామంది పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని తలుచుకుంటారు. 1991 నవంబరులో పి.వి.నరసింహారావు ప్రారంభించినది, గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసేది. నిజంగా పుణ్యమే. కానీ నొప్పి పట్టిన గంటలో ఎటు పోవాలన్నా ముందు దగ్గర్లో ఈసీజీ తీసే చోటికి పోవాలి.

ఆ చోటు ఇప్పుడు తాలూకాకు వస్తోంది. 2021 అక్టోబరు 29న నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండెపోటుతో పోయాక, కర్ణాటక ప్రభుత్వం ఆయన పేరిట హృదయజ్యోతి పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని జయదేవ లాంటి పెద్ద గుండె ఆసుపత్రి డాక్టర్లు నిమిషాల్లో చూసి చెబుతారు. గుండెపోటే అయితే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా వేస్తారు. బయట కొంటే వేలల్లో ఉండే మందు. మీ ఊరికి దగ్గరున్న ఏ ఆసుపత్రిలో అది ఉందో నొప్పి లేని రోజే కనుక్కుని పెట్టుకోండి. 108 ఎటూ ఉంది.

దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళ వయసులో వస్తుంటే, మిగతా దేశాల వాళ్ళకు దాదాపు 59లో వస్తోందని 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. పట్నం జబ్బు అని పల్లెవాళ్ళు ధీమాగా ఉండటానికీ లేదు. గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చావుల లెక్క తీస్తే మూడింట ఒకటి దాకా గుండె, రక్తనాళాల జబ్బులవే అని 2006లో బయటపడింది. మా పల్లెలు వేరుగా ఉంటాయని నేననుకోను.

ఈ నైట్రిక్ ఆక్సైడ్ సంగతి ఎవరికైనా చెబితే వెంటనే వచ్చే ప్రశ్న: ‘‘అయితే బీట్‌రూట్ రసం తాగితే సాలునా?’’ వీడియోల్లో చూసి వస్తారు. కొంత నిజమే. బీట్‌రూట్‌లో, తోటకూరలో, పాలకూరలో నైట్రేట్ బాగా ఉంటుంది. నాలుక మీది సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్ చేస్తాయి, ఒంట్లో అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. 2008లో లండన్‌లో అర లీటరు బీట్‌రూట్ రసం తాగిన ఆరోగ్యవంతుల్లో పై బి.పి. సుమారు 10 పాయింట్లు కొన్ని గంటలు తగ్గింది. సూక్ష్మజీవుల్ని చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఈ లాభం దెబ్బతింటుందనీ తేలింది. మా ఇళ్ళలో సంగటి ముద్దతో తినే బస్సారు ఉంది కదా, ఆకుకూరా పప్పూ ఉడికించి వార్చిన నీళ్ళతోనే చేస్తాం. నైట్రేట్ నీళ్ళలో కరిగిపోయేది కాబట్టి, వార్చి పారబోసేవాళ్ళకు పోయేది మా గిన్నెలో మిగులుతుంది. ఈ మాట మా ఆవిడతో అంటే, ‘‘అందులో నువ్వు వేసుకునే ఉప్పు కూడా మిగులుతాది’’ అంది.

బోరు నీళ్ళలోని నైట్రేట్ కూడా మంచిదే అనుకునేరు. తాగే నీళ్ళలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం, పాలడబ్బా పిల్లలకు ఆ నీళ్ళు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా తిరిగే ప్రమాదం ఉంది. బీట్‌రూట్ విషయంలో నా జవాబు ఒకటే: తినండి, బాగుంటుంది, బి.పి. మాత్ర మానకండి. ఇక డాక్టరు రాసిచ్చి నాలుక కింద నైట్రోగ్లిసరిన్ వాడేవాళ్ళు దాన్ని అది వచ్చిన గోధుమరంగు గాజు సీసాలోనే ఉంచాలి, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చకూడదు, దూది కుక్కకూడదు. మందు ఆవిరై ప్లాస్టిక్కూ దూదీ పీల్చేసుకుంటాయి. వేసుకునేటప్పుడు కూర్చుని వేసుకోవాలి, నిలబడి వేసుకుంటే కళ్ళు తిరిగి పడతారు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే రెండో మాత్ర కోసం సీసా మూత తిప్పుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి.